గుండ్రటి మూలలు

ఎనిమిది బోగీల రైలును అయిదుకు కుదించిన పదో రోజున, మిషను కుట్టే పిల్ల తలుపు దగ్గర జారిపోయింది. జారేముందు స్టిక్కర్లవాడి చొక్కా పట్టుకుంది. చొక్కా చిరిగింది. పిల్ల కాలు పోయింది. స్టేషన్లో మైకు ఎప్పటిలాగే చెప్పింది: ‘ప్రయాణికుల భద్రతకు ప్రయాణికులే బాధ్యులు.’

ఆ మాటే తలుపు పక్కన నీలం స్టిక్కరు మీద కూడా ఉంది. దాన్ని అచ్చు వేసింది అతనే. రైలు కంపెనీ స్టిక్కర్లన్నీ అతను పనిచేసే ప్రెస్సులోనే తయారవుతాయి.

వారం రోజులు అతనికి అన్నం సయించలేదు. ఎనిమిదో రోజు, యజమాని భోజనానికి వెళ్లిన గంటలో, అదే నీలంతో, అవే అక్షరాలతో వంద స్టిక్కర్లు వేశాడు.

‘గమనిక: ఊపిరి వంతులవారీగా పీల్చుకోవలెను.’

‘గమనిక: దిగేముందు కాళ్లూ చేతులూ మీవేనని సరిచూసుకోవలెను.’

పక్కన, కంపెనీ తన స్టిక్కర్ల మీద వేయించే బొమ్మమనిషే. కాకపోతే అలాంటివాళ్లను అయిదుగురిని మడతపెట్టి, బీరువాలో బట్టల్లా పేర్చాడు.

ఆ రాత్రే వాటిని బోగీల్లో అంటించాడు. మర్నాడు ఎవరో చదివారు. ఎవరో నవ్వారు. నవ్వడానికి కూడా చోటులేని ఆ మనుషుల్లో నవ్వు ఒక ఛాతీలోంచి మరో ఛాతీలోకి పాకింది.  అతను మాత్రం, అందరూ తన వేళ్లనే చూస్తున్నారనిపించి చేతులు జేబుల్లో దాచుకోబోయాడు. చేతులు కదిలితేగా!

మూడో రోజు పోలీసు ఇన్‌స్పెక్టరు ఎక్కాడు. స్టిక్కరు చదవలేదు. దాని మూల మీద బొటనవేలు రాశాడు. తర్వాత కంపెనీ స్టిక్కరు మూల మీద రాశాడు. రెండూ గుండ్రం.

స్టిక్కర్లవాడు అది చూశాడు. మూల మొనదేలి ఉంటే భుజాలు రాసుకుని లేచిపోతుందని, ప్రతి స్టిక్కరునీ చేత్తో గుండ్రంగా కత్తిరించడం అతని అలవాటు. ఊళ్లో ఇంకెవరూ అంత ఓపిక పడరు. దొంగపనిలో కూడా చెయ్యి తన అలవాటు మానలేదు.

సాయంత్రం ప్లాట్‌ఫారం చివర అక్కకి చెప్పాడు. అక్క బట్టల ఫ్యాక్టరీలో గుడ్డ కత్తిరిస్తుంది. ఆమె కత్తిరించిన గుడ్డను కుట్టేది ఆ కాలు పోయిన పిల్లే. తోటి పనివాళ్లు చుట్టూ చేరారు.

"పారిపోతానక్కా."

"ఎక్కడికిరా? ఈ రైలెక్కేనా?"

మూటలు మోసే పెద్దాయన విసుక్కున్నాడు. "బొమ్మలేస్తే బోగీలొస్తాయా? నవ్వించి నువ్వు జైలుకెళ్తావు. మేం మళ్లీ వేలాడతాం."

"నవ్వకముందు నువ్వేం చేశావు బాబాయ్? వేలాడావు!" అంది అక్క. తమ్ముడి వైపు తిరిగింది. "గుండ్రంగా కత్తిరించడం నీకొక్కడికే వచ్చనుకున్నావా? పదిహేనేళ్లుగా కాలర్లు కత్తిరిస్తున్నా. నీలం కాగితం ఎంతుందో చెప్పు."

పెద్దాయన కాసేపు గొణిగాడు. "రాస్తే పనికొచ్చేది రాయండి మరి," అన్నాడు చివరికి.

పొద్దున్నే ప్రెస్సు గుమ్మంలో అతన్ని పట్టుకున్నారు. జీపులో ఇద్దరు పోలీసుల మధ్య కూర్చోబెట్టారు. ముందు సీట్లోంచి ఇన్‌స్పెక్టరు స్టిక్కరు చూపించాడు.

"ఈ మూల నీ చేతి పనేగా?"

 అవునని తలూపితే ఈ భయమైనా తీరుతుందనిపించింది. ఊపబోయాడు.

అంతలో రైలు గేటు పడింది. జీపు ఆగింది. రైలొచ్చి సరిగ్గా గేటుకడ్డంగా నిలిచిపోయింది. ఎవరో గొలుసు లాగారు. అయిదు బోగీల నిండా నీలం కాగితాలు, ఒక్కోటీ ఒక్కో చేతిరాత: ‘గమనిక: ఎనిమిది బోగీలు వచ్చువరకు ఈ రైలు కదలదు.’

అక్క దిగింది. పెద్దాయన దిగాడు. దిగినవాళ్లు పట్టాల మీద కూర్చుంటున్నారు, తలుపుల్లోంచి ఇంకా దిగుతూనే ఉన్నారు.

ఇన్‌స్పెక్టరు పరుగెత్తి నాలుగు కాగితాలు పీక్కొచ్చాడు. మూలల మీద బొటనవేలు రాశాడు. గుండ్రం. గుండ్రం. గుండ్రం.

"ఎవడు కత్తిరించాడ్రా ఇవన్నీ?"

 స్టిక్కర్లవాడి కళ్లు అలవాటుగా మూలల మీదికే పోయాయి. ఒకటి ఎక్కువ తెగింది, ఒకటి తక్కువ, ఒకటి పంటితో కొరికినట్టుంది.

"నేను కాదు సార్," అన్నాడు. "నాకిన్ని చేతులు లేవు."