ఇంట్లో కట్టుకునేవి

...అయినా ఆ నెమలికంఠం రంగు చీర మాత్రం సూర్యప్రభకు ఇవ్వకుండా ఉండాల్సింది. ఛారిటీ షాపులో వేసినా పోయేది. ఎవరో ఒకావిడ కొనుక్కుని కిటికీకి తెరగా కుట్టించుకునేది, కథ అంతటితో అయిపోయేది. పెట్టినవాళ్ళకే తిరిగి ఇస్తే మర్యాదగా ఉంటుందనుకుంది విజయరాణి. ఆ మర్యాదే ఇంతదాకా తెచ్చింది. ఇవాళ మధ్యాహ్నానికి కూతురు జెస్సికా, రెండున్నర గంటల దూరంలో ఉన్న టాలట్ నుంచి వస్తోంది. తల్లిని తీసుకువెళ్ళి, సోమవారం అక్కడి జీపీ డాక్టరుకి చూపించి, ఆ తర్వాత ఇక తమ ఇంట్లోనే ఉంచుకోవాలని.

విజయరాణి పడకగదిలో, ఇక్కడివాళ్ళు ప్రెస్ అనే బట్టల బీరువా ముందు నిలబడి ఉంది. ఒంటి మీద నూలుపోగు లేదు. బయట సన్నగా వాన. ఆమె ఉండే ఎన్నిస్ ఊళ్ళో అక్టోబరు వాన గురించి ఎవరూ మాట్లాడుకోరు, ఇంట్లో గోడ గురించి మాట్లాడుకోనట్టే. ప్రెస్‌లో ఖాళీ హ్యాంగర్లు ఎక్కువ, బట్టలు తక్కువ. పక్కన మంచం మీద తెరిచిన సూట్‌కేసు. దాంట్లో ఇంకా ఏమీ పెట్టలేదు.

మొదలెక్కడ? మే నెలలో రిటైరైన తర్వాతి సోమవారం. స్నానం చేసి బయటికి వచ్చి, అలవాటుగా తలుపు వెనక కొక్కెం మీదికి చెయ్యి చాపింది. యూనిఫాం అక్కడ లేదు. శుక్రవారమే, తను నర్సుగా చేసిన వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో అప్పగించేసింది. చెయ్యి గాలిలో అలాగే కాసేపు ఉండిపోయింది. ఇప్పుడేం వేసుకోవాలి అన్న ప్రశ్న వెనకాలే, ఎవరి కోసం అన్న ప్రశ్న వచ్చింది. రెండోదానికి జవాబు దొరికే వరకు ఆగుదామని, కిచెన్‌లో కిటికీ బ్లైండ్ దించుకుని, కుర్చీ మీద టవల్ పరుచుకుని టీ తాగింది. అలాగే మధ్యాహ్నమైంది. తనలో ఎప్పుడూ తననే చూస్తూ, పైట సరిగా ఉందా, కాలర్ మడత పడిందా అని ఆరా తీస్తూ ఉండే ఒక మనిషి ఆ పూట నోరెత్తలేదు. ఆ నిశ్శబ్దం కొత్తగా ఉంది. ఆమెకు తెలిసినంతలో అదే మొదటిసారి.

మంచం మీద ఉన్న రోగికి స్నానం చేయించడానికి ఒక పద్ధతి ఉంది. ఒళ్ళంతా దుప్పటి కప్పి ఉంచి, ఒక చెయ్యి మాత్రమే బయటికి తియ్యాలి. కడిగి, తుడిచి, కప్పెయ్యాలి. తర్వాత ఇంకో చెయ్యి. తర్వాత కాలు. కొత్తగా చేరిన పిల్లలకు ఇరవై ఏళ్ళపాటు ఆమే నేర్పింది. మనిషి గౌరవం ఆ దుప్పటిలోనే ఉందని చెప్పేది. అది నిజమే. ఇప్పటికీ కాదనదు. కానీ ఆ లెక్కన తను చూసిన ఒళ్ళన్నీ ముక్కలు ముక్కలుగానే చూసింది. తన ఒళ్ళు కూడా అంతే. అద్దంలో ముఖం, గాజులేసుకునేటప్పుడు మణికట్టు, చెప్పులేసుకునేటప్పుడు పాదం. అరవై ఆరేళ్ళు వచ్చాక ఒకరోజు కిచెన్‌లో నిలబడి, సిజేరియన్ కుట్టు మచ్చ నుంచి మోకాలి దాకా ఒకే చూపులో చూసుకుంటే, ఇదంతా ఒకటే మనిషి అని తట్టింది. అందం సంగతి కాదు. అందం గురించి ఆలోచించే వయసు దాటింది. ఒకటిగా ఉండటం గురించి.

అబ్రహాము ఉంటే ఏమనేవాడో. మంచి మనిషి. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమెను వెలుతురులో ఒక్కసారీ చూడలేదు. ఆమే చూడనివ్వలేదు. లైటు తీసెయ్యమనేది, అతను తీసేసేవాడు. అతనికి చూడాలని ఉండేదేమో అన్న ఆలోచన అతను పోయిన ఎనిమిదేళ్ళకు, ఈ ఏడాది వచ్చింది. దానికి బాధపడిందా అంటే కొంచెం పడింది.

బట్టల్లేకుండా ఉండటం ఇష్టమైన తనలాంటివాళ్ళు ఇంకా ఉన్నారని ఫోన్‌లో చదివింది. పక్క ఊరు లిమరిక్‌లో నెలకోసారి ఒక స్విమ్మింగ్ పూల్ అద్దెకు తీసుకుని కలుస్తారని తెలిసి రెండుసార్లు బస్సెక్కి వెళ్ళింది. కోటు, స్కార్ఫు, బూట్లు వేసుకుని బట్టల్లేని చోటికి వెళ్ళడం నవ్వొచ్చింది. అక్కడ ఎవరూ ఎవరినీ చూడలేదు. ఇద్దరు పెద్దావిడలు నీళ్ళలో నిలబడి తుంటి ఆపరేషన్ల గురించి మాట్లాడుకుంటున్నారు. ఒకాయన ఆమెను ఎక్కడి నుంచి అని అడిగి, ఎన్నిస్ అంటే, అక్కడ పార్కింగ్ కష్టం అన్నాడు. అంతే. ఇంటికి వచ్చి, తలకు మాత్రం స్కార్ఫు ముసుగు వేసుకుని ప్రార్థన చేసుకుంది. ఒంటి మీద ఏమీ లేకపోయినా పరవాలేదనిపించింది గానీ, ముసుగు లేకుండా ప్రార్థనకు కూర్చోవడం చేతకాలేదు. ఆ విడ్డూరాన్ని ఎవరితోనైనా చెప్పుకుని నవ్వాలనిపించింది. చెప్పుకోవడానికి ఎవరూ లేరు.

అప్పటి నుంచి చీరలు బరువయ్యాయి. తెరిచి చూస్తే ఒక్కటీ తను కొనుక్కున్నది కాదు. పెళ్ళికి పెట్టినవి, గృహప్రవేశానికి పెట్టినవి, జెస్సికా పుట్టినప్పుడు పెట్టినవి, అబ్రహాము పోయినప్పుడు పుట్టింటివాళ్ళు పెట్టినది. ఇంట్లో కట్టుకునేవి, చర్చికి కట్టుకునేవి, ఊరెళ్ళేటప్పుడు కట్టుకునేవి. ప్రెస్ తలుపు తీస్తే చుట్టాలందరూ వరసగా నిలబడి చూస్తున్నట్టు ఉండేది. ఒకరి తర్వాత ఒకరిని సాగనంపింది. ఎవరి చీర వాళ్ళకు, లేదా వాళ్ళ కూతుళ్ళకు. సాగనంపిన ప్రతిసారీ ఇల్లు కొంచెం విశాలమైంది.

మొన్న బుధవారం సూర్యప్రభ వచ్చింది. లిమరిక్‌లో మానసిక రోగుల వార్డులో నర్సు. ఇరవై ఏళ్ళ కిందట ఇద్దరూ ఒకే విమానంలో ఈ దేశంలో దిగారు. బెల్ మోగగానే విజయరాణి నైటీ తగిలించుకుని తలుపు తీసింది. సూర్యప్రభ కోటైనా విప్పకుండా లోపలికి వచ్చి చీర ఉన్న సంచి బల్ల మీద పెట్టింది.

"ఏంటక్కా ఇది?"

"చీర."

"చీరేనని నాకూ తెలుసు, కళ్ళున్నాయి. జెస్సీ పెళ్ళికి నేను పెట్టిన చీర నాకే పంపుతావా? నచ్చకపోతే అప్పుడే అనొచ్చుగా. ఇంకోటి తెచ్చేదాన్ని."

"నచ్చింది కాబట్టే నీకిచ్చా. నీ రంగుకి బావుంటది."

"నా రంగు సంగతి నాకొదిలెయ్. పాస్టరమ్మగారికి నాలుగు పంపావంట. ఆవిడ అందరికీ చెప్తోంది, విజయరాణిగారు లోకాన్ని వదిలేశారని."

"లోకాన్నేం వదల్లేదు. చీరల్నొదిలా."

సూర్యప్రభ సరాసరి పడకగదిలోకి వెళ్ళి ఖాళీ హ్యాంగర్లు చూసి వచ్చింది. కుర్చీలో కూర్చుంది. ఆ తర్వాత గొంతు మారింది. మెల్లగా, తగ్గుస్వరంలో, మధ్యలో ఖాళీలు వదులుతూ. ఆ గొంతు ఎక్కడిదో విజయరాణికి తెలుసు. డ్యూటీ గొంతు అది.

"నిద్ర పడతందా అక్కా?"

"పడతంది."

"తింటున్నావా?"

"గోంగూర పచ్చడేసుకుని నిన్న రెండుసార్లు అన్నం పెట్టుకున్నా. నీకూ పెట్టనా?"

"బతకడం దండగ అనిపిస్తందా?"

"ప్రభా, నన్ను అసెస్‌మెంట్ చేస్తున్నావా?"

"చేస్తన్నా. చచ్చేముందు ఉన్నవన్నీ పంచిపెట్టేవాళ్ళ గురించి మనకేం నేర్పారో నీకు తెలీదా? నువ్వు నా చోట ఉంటే ఏం చేసేదానివి?"

ఇదే చేసేది. ఇంకా ముందే వచ్చేది, అనుకుంది విజయరాణి.

"మరెందుకు పంచావో చెప్పు."

నిజం నోటిదాకా వచ్చింది. ఎదురుగా ప్రభ, మెడ దాకా బొత్తాలు పెట్టుకున్న కోటులో, కళ్ళలో నిజమైన భయంతో.

"ఇంట్లో జాగా చాలక," అంది విజయరాణి.

సూర్యప్రభ చుట్టూ చూసింది. మూడు పడకగదులు, ఒక్క మనిషి. "సరేలే అక్కా," అంది. ఆ సాయంత్రమే జెస్సికాకు ఫోన్ చేసింది.

జెస్సికాకు తెలుగంతా అర్థమవుతుంది. జవాబు మాత్రం ఇంగ్లీషులోనే, ఈ జిల్లా క్లేర్ యాసలో. ఏడేళ్ళ పిల్లగా వచ్చి ఈ ఊళ్ళోనే పెరిగింది. ఆ రాత్రే తల్లికి ఫోన్ చేసి, "మమ్మీ, ఐ యామ్ నాట్ ఆస్కింగ్, ఐ యామ్ కమింగ్," అంది. ఇంట్లో ఉన్న చిన్న గది, బాక్స్ రూమ్, రెడీ చేశారట. అల్లుడు టైటస్ రంగు కూడా వేశాడట. ప్రెస్‌లో మిగిలినవి సర్దుకుంటే చాలంది.

ఆ గదిలో తను ఎలా ఉంటుందో విజయరాణికి కనిపిస్తూనే ఉంది. పొద్దున కళ్ళు తెరవగానే నైటీ సరిచేసుకోవాలి. అల్లుడున్న ఇల్లు, నైటీ మీద చున్నీ వేసుకోవాలి. హాల్లోకి వెళ్ళాలంటే చూడీదార్. లోపలి మనిషి తిరిగి వచ్చి భుజమ్మీద కూర్చుంటుంది. అందరూ ప్రేమగా చూస్తారు. అదీ నిజమే. కప్పి ఉంచి ఒక్కొక్క ముక్కా జాగ్రత్తగా తుడుస్తారు.

ఇందులో ఒక తమాషా ఉంది. దాని దగ్గరే మూడు రోజులుగా తిరుగుతోంది ఆమె మనసు. డిప్రెషన్ అని ఒప్పుకోవడం తేలిక. ముసలితనం, ఒంటరితనం, భర్త పోయాడు, ఉద్యోగం అయిపోయింది. ఎవరూ ఎందుకని అడగరు. జీపీ మాత్రలు రాస్తారు, చర్చిలో పేరు పెట్టి ప్రార్థిస్తారు, కూతురు తృప్తిగా ఏడుస్తుంది. దుఃఖానికి అంత గౌరవం ఉంది. సుఖంగా ఉన్నానంటేనే వివరం చెప్పాలి. అరవై ఆరేళ్ళ నర్సు, క్రైస్తవురాలు, అమ్మమ్మ కావలసిన మనిషి, ఇంట్లో ఏమీ కట్టుకోకుండా తిరిగితే హాయిగా ఉందని ఏ భాషలో చెప్పాలి? రాత్రి పడుకునేముందు దాదాపు నిర్ణయించుకుంది కూడా, నీరసంగా ఉందని చెప్పేద్దామని. మాత్రలు తెచ్చుకుని డ్రాయర్లో పెట్టుకోవచ్చు. ఎవరికీ నష్టం లేదు.

ఒక్క జెస్సికాకు తప్ప. ఆ పిల్ల తన తల్లి చావాలనుకుంటోందని నమ్ముతూ బతకాలి. అర్ధరాత్రి ఫోన్ మోగితే ఉలిక్కిపడాలి. రోగుల పిల్లల్లో అలాంటి ముఖాలు చాలా చూసింది విజయరాణి.

మంచం మీద ఫోన్ మోగింది. జెస్సికానే.

"మమ్మీ, ఐ యామ్ జస్ట్ పాస్ట్ లిమరిక్. స్టాప్డ్ ఫర్ ఎ కాఫీ. డూ యూ నీడ్ ఎనీథింగ్? మిల్క్?"

"పాలున్నాయి." అంది. వాన చప్పుడు రెండు వైపులా వినిపిస్తోంది. "జెస్సీ, బండి ఆపే ఉందా?"

"యా. వై?"

"ఒక మాట చెప్తా. విని, కాసేపాగి, అప్పుడు నడుపు."

"మమ్మీ, యూ ఆర్ స్కేరింగ్ మీ."

"నాకు చావాలని లేదమ్మా. ఎప్పుడూ అనుకోలేదు. ఇంట్లో నేను బట్టలు వేసుకోవట్లేదు, రిటైరైన కాడి నుంచి. అట్టా ఉంటే నాకు బావుంది. అందుకని చీరలు అక్కర్లేక పంచా. అంతే."

అటువైపు వైపర్ ఒకసారి ఇటూ అటూ తిరిగిన చప్పుడు.

"లైక్... ఎట్ ఆల్?"

"అస్సలు. కూర్చునే చోట టవల్ వేసుకుంటా."

"రైట్ నౌ?"

"ఇప్పుడు కూడా."

పెద్ద ఊపిరి వినిపించింది. దాని చివర నవ్వో ఏడుపో తేలలేదు. "ఐ వాజ్ క్రయింగ్ ఆల్ ద వే ఫ్రమ్ పోర్ట్‌లీష్, మమ్మీ."

"తెలుసు. అందుకే చెప్పా."

"డజ్ ఆంటీ నో?"

"చెప్పలేదు."

"గుడ్. డోంట్." ఆ తర్వాత చిన్నప్పటి గొంతుతో, "చలెయ్యదా?" అంది.

"హీటింగ్ ఉంది."

"ఐ డోంట్ గెట్ ఇట్, మమ్మీ. ఐ రియల్లీ డోంట్."

"ఇప్పుడే అర్థం కానక్కర్లా. వచ్చి అన్నం తిను."

"అండ్ ద జీపీ?"

"చూపించుకుంటా. బీపీ ఎట్టాగూ చూపించుకోవాలి. కానీ మంగళవారానికి నన్ను నా ఇంట్లో దింపెయ్. టైటస్‌తో చెప్పు, రంగు బావుందో లేదో చూసి వస్తానని. మీ ఇంట్లో ఉన్నన్నాళ్ళు ఒంటినిండా కట్టుకునే ఉంటాలే."

"ప్లీజ్ డూ," అంది జెస్సికా. ఈసారి నవ్వు కొంచెం స్పష్టంగా ఉంది. అంతలోనే సన్నబడింది. "వి విల్ టాక్, ఓకే? ఐ యామ్ నాట్ సేయింగ్ యెస్ టు ఎనీథింగ్."

"సరే."

"హాఫ్ యాన్ అవర్. ఐ హావ్ మై కీ, ఐ విల్ జస్ట్ లెట్ మైసెల్ఫ్..." మాట మధ్యలో ఆగిపోయింది.

"బెల్ కొట్టు," అంది విజయరాణి. "రెండు నిమిషాలాగు. తీస్తా."

ఫోన్ పెట్టేసి హాల్లోకి నడిచింది. పాదాల కింద టైల్స్ చల్లగా ఉన్నాయి. ఇల్లు కొన్నప్పటి నుంచి ముందు తలుపుకు లోపలివైపు ఉన్న గొలుసు ఒక్కనాడూ వేసింది కాదు. దాని మీద పాత పెయింట్ పేరుకుని బిగుసుకుపోయి ఉంది. గోటితో పెయింట్ పొర గీకి, బొటనవేలితో నొక్కి, గొలుసు చివరను గాడిలోకి తోసింది.