ఓటేసిన క్రిసాంతో

సాన్ ఎలియాస్ ఊళ్ళో చర్చి మెట్ల పక్కన ఇలుమినాద రోజూ బియ్యప్పిండి కుడుములు అమ్మేది. ఎన్నికల రోజున మాత్రం బియ్యం రెట్టింపు నానబోసేది. ఆ రోజు శ్మశానం నుంచి కూడా జనం వస్తారు. మేయర్ బల్దొమేరో లారీలు పంపి వాళ్ళను బడి దగ్గర దింపిస్తాడు. వాళ్ళు ఆయనకే ఓటేసి, కుడుములు తిని, మళ్ళీ లారీ ఎక్కుతారు. ఆయన తండ్రి మేయరుగా ఉన్నప్పుడూ అంతే.

ఈసారి వరుసలో ఆమె కొడుకు క్రిసాంతో ఉన్నాడు.

మత్తుమందు అమ్ముతున్నాడని కిందటేడు సార్జెంట్ తిబుర్సియో వాణ్ణి వాకిట్లోకి ఈడ్చి కాల్చేశాడు. ఊరిని శుభ్రం చేయమన్నది మేయరే. జ్వరంతో మంచం పట్టినవాడు ఏం అమ్మాడని ఇలుమినాద కోర్టుకెక్కింది. మేయర్ డబ్బుతో చర్చికి కొత్త కప్పు వేయించుకున్న ఫాదర్ ఎలిహియో, "క్షమించెయ్యమ్మా, క్షమించినవాళ్ళదే స్వర్గం" అన్నాడు. "స్వర్గం తర్వాత ఫాదర్, ముందు ఆ సార్జెంటుని జైల్లో చూడాలి" అందామె.

ఇప్పుడు కుడుములు ఆకులో పెట్టుకుని వరుస దగ్గరికి పరుగెత్తింది. క్రిసాంతో చొక్కాకి చిల్లులు అలాగే ఉన్నాయి.

"ఎవరికి వేస్తున్నావురా?"

"ఆయనకే అమ్మా."

"నిన్ను చంపించినవాడికా! సిగ్గులేదట్రా?"

వాడు తల దించుకుని కుడుము నమిలాడు. "ఓటేస్తే సాయంత్రం దాకా బయట ఉండనిస్తారమ్మా. లోపల ఒకటే చీకటి. నువ్వు వద్దంటే వెయ్యనులే, ఇప్పుడే వెళ్ళిపోతా."

ఇలుమినాద వాడి మొహంలోకి చూసింది. ఎండకి కళ్ళు చికిలిస్తూ, చిన్నప్పటిలాగే ఉన్నాడు.

"వెయ్యరా నాన్నా. వేసి, కాసేపు నా దగ్గర కూర్చో" అంది.

బల్దొమేరో గెలిచాడు. వర్షాకాలంలో కేసు విచారణకొచ్చింది. సార్జెంట్ తరఫున ఫాదర్ ఎలిహియో బోనెక్కి శిలువ గుర్తు వేసుకున్నాడు.

"ఎన్నికల రోజు ఆ అబ్బాయి నా చెయ్యి ముద్దు పెట్టుకున్నాడు. వేలి మీద సిరా ఇంకా ఆరలేదు. దేవుడి మీద ఒట్టు."

అది అబద్ధం కాదు. ఇలుమినాద కూడా కాదనలేకపోయింది.

"ఓటు హక్కు బతికున్నవాళ్ళకే కదమ్మా" అన్నాడు జడ్జి, చిన్నపిల్లకు చెప్పినట్టు. "ఓటేసినవాణ్ణి చచ్చాడంటే ఈ దేశంలో ఎన్నికలనే అవమానించినట్టు. హత్యే జరగలేదు. కేసు కొట్టేస్తున్నాను."

బయట సార్జెంట్ తిబుర్సియో వంగి, పెద్దల దగ్గర చేసినట్టే, ఆమె చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకున్నాడు. "అబ్బాయిని అడిగానని చెప్పండమ్మా."

ఆ వారమే శ్మశానం కాపరి కబురు పంపాడు. బతికున్నవాడి పేరు మీద సమాధి ఉంచడం కుదరదట, శవాన్ని పెట్టిన ఆ గోడ గూడు వేరేవాళ్ళకి ఇచ్చేశారట. ఇలుమినాద వెళ్ళి, ఎముకలు బియ్యం గోతంలో కట్టుకుని ఇంటికి తెచ్చుకుంది. మంచం మీద పడుకోబెట్టి దుప్పటి కప్పింది.

ఆ మధ్యాహ్నం వీధిలో ఆడవాళ్ళంతా నవ్వు మొహాలతో వచ్చారు. వాళ్ళలో ఒకామె మేయర్ బొమ్మ ఉన్న నూడుల్స్ పొట్లాలు కూడా తెచ్చింది.

"ఎంత అదృష్టవంతురాలివే ఇలుమినాదా! కొడుకు బతికే ఉన్నాడని కోర్టే చెప్పిందటగా. దేవుడు గొప్పవాడు! ఏడీ, ఎక్కడున్నాడు?"

ఇలుమినాద వాళ్ళకి పీటలు వేసింది.

"లోపల పడుకున్నాడు" అంది. "మెల్లగా మాట్లాడండి."