నా వైపు బ్రేకు

ఈ మునినారాయణప్పకు కోపం ఎక్కువని బెంగళూరు యలహంకలో నా దగ్గర కారు నేర్చుకున్నవాళ్లంతా చెబుతారు. నిజమే. క్లచ్ తొక్కమంటే యాక్సిలరేటర్ తొక్కేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అయినా నా డ్రైవింగ్ స్కూలు కారుకు ఇంతవరకు చిన్న గీత కూడా పడలేదు. పద్దెనిమిదేళ్లుగా ఆ గొప్ప చెప్పుకునే బతికాను.

గీత ఎందుకు పడలేదో ఇప్పుడు చెప్పాలి. స్కూలు కారులో నేర్పేవాడి కాళ్ల దగ్గర కూడా ఒక క్లచ్, ఒక బ్రేకు ఉంటాయి. ప్రమాదం వస్తేనే వాటిని తొక్కాలి. తొక్కినప్పుడు ఆ సంగతి నేర్చుకునేవాళ్లకు చెప్పాలి. నేను తొక్కేవాణ్ని, చెప్పేవాణ్ని కాదు. తామే ఆపామని వాళ్లు మురిసిపోయేవాళ్లు. మురిసిపోయినవాళ్లు ఇంకో నలుగురిని పంపేవాళ్లు.

మా అక్క నాగమ్మ చీరల కొంగులకు కుచ్చులు కడుతుంది. చిక్కపేటలో పెళ్లి చీరలమ్మే అంగడివాళ్లు ఆమె చేతి పనినే అడుగుతారు. బావ పోయాక ఆ పనితోనే కూతురు చైత్రను చదివించింది. చీరల మూటలతో బస్సెక్కడం కష్టమవుతోందని చైత్ర ఈ ఏడాది ఒక పాత కారు కొంది. మేనకోడలికి నేర్పే బాధ్యత నాది కాక ఇంకెవరిది?

మొదటి రోజే సర్కిల్ దగ్గర బండి ఆగిపోయింది. వెనక హారన్లు మోగితే చైత్ర ఏడ్చేసింది. నా కోపం ఆ రోజు ఎక్కడికి పోయిందో తెలియదు, జాలి వచ్చేసింది. మర్నాటి నుంచి నా కాళ్లకు తీరిక లేదు. ముందు ఆటో ఆగితే తన కాలు బ్రేకును తాకేది, అప్పటికే నేను నొక్కి ఉండేవాణ్ని. "చూసినావా మామా, ఎంత మెత్తగా ఆగిందో!" అనేది. "భేష్" అనేవాణ్ని.

ఇంకొకటి. వానొస్తే మా స్కూల్లో క్లాసు ఉండదు. తడిసిన రోడ్డు మీద కొత్తవాళ్లతో ఎవడు వేగుతాడు? ఇరవై రోజుల్లో మూడుసార్లు వాన పడింది, మూడుసార్లూ సెలవిచ్చాను. పరీక్షకూ స్కూలు కారే, పక్కన నేనే. చైత్రకు లైసెన్సు వచ్చింది, అక్క నాకు ఒబ్బట్లు పెట్టింది.

మే నెలలో ఒక సాయంత్రం తల్లీకూతుళ్లు మొదటిసారి సొంత కారులో మూటలు వేసుకుని చిక్కపేటకు బయల్దేరారు. దారిలో వాన మొదలైంది. ఫ్లైఓవర్ దిగుతుంటే ముందు పోతున్న వ్యాను ఆగింది. చైత్ర బ్రేకు తొక్కింది. కారు నిలవలేదు. భయపడి ఉన్న బలమంతా పెట్టి తొక్కేసరికి చక్రాలు జారి, కారు ఎడమకు పోయి నిలబడి ఉన్న లారీని గుద్దుకుంది. బెల్టులు పెట్టుకున్నారు కాబట్టి ప్రాణాలు దక్కాయి. అక్క ముందుకు చాపిన కుడి చెయ్యి మాత్రం మణికట్టు దగ్గర రెండు చోట్ల విరిగింది. ప్లేటు వేశారు. ఎముక అతుకుతుంది గానీ వేళ్లకు వెనకటి పట్టు రాకపోవచ్చని డాక్టరు చెప్పాడు.

ఆసుపత్రిలో చైత్ర నా చెయ్యి వదల్లేదు. "రోజూ నొక్కినట్లే నొక్కినా మామా. ఆగల్యా. బ్రేకు సరిగానే ఉండాదని మెకానిక్ చెప్పినాడు. నా కాలిదే తప్పు."

రోజూ నొక్కినట్లే నొక్కిందట! కాలు అలా తాకిస్తే చాలు కారు ఆగుతుందని తనకు నేర్పింది నేనే.

"దాన్నేమీ అనొద్దురా. నువ్వు బాగానే నేర్పిచ్చినావు. దాని గ్రహచారం" అంది అక్క, మంచం మీద నుంచి. నేను తలూపాను. సిగ్గు లేకుండా తలూపాను.

మూడు వారాలు నోరు విప్పలేదు. ఈలోగా చైత్ర తల్లి బదులు కుచ్చులు కట్టడానికి కూర్చుంది. ముడులు వంకరగా వచ్చేవి. అక్క చూసి చూసి, ఎడమ చేత్తో విప్పబోయి, విప్పలేక మొహం తిప్పుకునేది. ఒకరోజు చైత్ర రిపేరయి వచ్చిన కారు తాళంచెవి నా ముందు పెట్టింది.

"ఎవరికైనా అమ్మేయి మామా. నాకు చేతకాదు ఈ పని."

ఇంకా దాచి ఉంటే నేను మనిషినే కాదు. చెప్పేశాను. నా వైపు బ్రేకు, నా కాలు, నా భేష్, వాన సెలవులు, అన్నీ.

"అంటే నీ కారులో నా అంతట నేను ఒక్కసారి కూడా ఆపల్యాదా?"

"లేదమ్మా."

"ఈ మూడు వారాలూ నేను ఏడుస్తా ఉంటే ఊరికే సుమ్నే చూస్తా ఉండినావు."

క్షమించమన్నాను. తను తాళంచెవి మళ్లీ తీసుకుంది.

"వాన పడిన రోజు రా. నా కారులో నేర్పిద్దువు. దాంట్లో నీ కాళ్ల కింద ఏమీ లేదు."

ఆ గురువారమే వాన పడింది. రద్దీ లేని ఒక లేఅవుట్ రోడ్డుకు పోయాం. మొదటి చినుకులకే రోడ్డు జారుడుగా ఉంటుందని, అప్పుడు ముందు బండికి ఎప్పటికన్నా రెట్టింపు దూరం వదలాలని చెప్పాను. వేగం ముందే తగ్గించుకోవాలని, బ్రేకు ఒక్కసారిగా కాకుండా కొంచెం కొంచెంగా బరువు పెంచుతూ తొక్కాలని, నీళ్లు నిలిచిన చోట స్టీరింగు గబుక్కున తిప్పకూడదని చెప్పాను. తన కాలు ఎంత బరువు పెడితే బండి ఎంత దూరంలో ఆగుతుందో పదిసార్లు, ఇరవైసార్లు చూసుకోమన్నాను. తను తొక్కినప్పుడల్లా నా కుడికాలు కూడా కిందికి నొక్కేది. అక్కడ ఉత్త మ్యాట్ ఉంది.

చీకటి పడక ముందే తనకు వచ్చేసింది. నేను చెప్పిన స్తంభం దగ్గర, చెప్పిన చోట, జారకుండా ఆపింది. ఇంజను ఆపేసి వైపర్ల వంక చూస్తూ అడిగింది.

"ఇంతేనా మామా?"

"ఇంతే."

"ఒక్క సాయంకాలం పని" అంటూ స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చింది. అమ్మ చెయ్యి మాట తను ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.