ఒక్క పన్నా గుడ్డ

హన్మండ్లుకు బరువంటే పడదు. కోరుట్లలో తాళ్లెక్కి కల్లు గీసే మనిషి. ఒంటిమీద అక్కర్లేనిది ఏదున్నా చెట్టెక్కేటప్పుడు కిందికి లాగుతుందని ఆయన నమ్మకం. నడుముకూ చెట్టుకూ కలిపి వేసుకునే మోకు ఆయన కొలతకు పేనుకున్నదే. ఇంకొకరి నడుముకు పట్టదు. చెట్టు మీద పనికొచ్చే ఈ పద్ధతిని నేల మీదికి కూడా తెచ్చుకున్నాడు మహానుభావుడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఏటా మృగశిర చొచ్చాక, నాట్ల పనులు మొదలయ్యేలోగా వేములవాడ రాజన్న దగ్గరికి నడిచిపోవడం ఆయనకూ దోస్తు సారయ్యకూ అలవాటు. పొద్దుగూకిన చోట మూడు రాళ్లు పెట్టి వండుకునేవారు, చెట్ల మధ్య పరదా కట్టుకుని పడుకునేవారు. సారయ్య పెళ్లిళ్లకు వంట చేస్తాడు. ఇద్దరికి సరిపడా వండడం ఆయన చేతికి రాదు. "తొవ్వల నలుగురు కలిస్తె ఏం పెడ్తవ్?" అంటూ పెద్ద ఇత్తడి బగోన నెత్తికెత్తుకునేవాడు. నిజంగానే ఎవరో ఒకరు కలిసేవారు, తినేవారు, కబుర్లు చెప్పి పోయేవారు.

కిందటేడు సారయ్యకు మోకాలు పట్టేసింది. చెట్టు కనపడ్డ చోటల్లా బగోన దింపి కూర్చున్నాడు. హన్మండ్లుకు ఒళ్లు మండి నోరు జారాడు. "నీతోని నడుసుడు కన్న బండ మోసుడు నయం."

సారయ్య లేచాడు. బగోన ఎత్తుకుని, వచ్చిన దారినే కుంటుకుంటూ వెనక్కి పోయాడు.

అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఇళ్ల మధ్య ఉన్నది రెండు సందులే. హన్మండ్లు భార్య ఏనాడో పోయింది. కల్లు దింపుకుని ఇంటికొచ్చాక మాట్లాడే మనిషంటూ ఉంటే సారయ్యే. ఆ ఏడాదంతా ఆయన పడ్డ ఒంటరితనం ఇంతా అంతా కాదు. అడుగుదామంటే మెడ వంగదాయె. 'నేనొక్కన్నే పోయొస్తె వానికే తెలుస్తది' అని పంతం పట్టాడు. తెలిసి పరుగెత్తుకొస్తాడని లోపల ఆశ. ఆ ఆశను మాత్రం తనకు తానే ఒప్పుకోలేదు.

గిన్నె కోసం జగిత్యాల పోయాడు. దుకాణంలో ఒక్కో గిన్నె అరచేతిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని బరువు చూశాడు. ఇత్తడి వద్దన్నాడు, స్టీలు వద్దన్నాడు. చివరికి కాగితంలా పలచటి సిల్వర్ గిన్నె దొరికింది. మూత తిరగేస్తే అదే పళ్లెం. గ్లాసు అక్కర్లేదు, కల్లు తాగినట్టే నీళ్లకూ తాటాకు రేక చాలు.

"ఎంతమందికి కాకా?" అడిగాడు దుకాణదారు.

"ఒక్క మనిషికి."

"ఒక్కరే అయితె హోటల్ల తింటరు గాని, గిన్నె ఎవరు కొంటరే?" అని నవ్వాడతను. హన్మండ్లుకు నవ్వు రాలేదు.

పరదా గుడ్డ కోసం సిరిసిల్లలో ఉన్న బిడ్డ కల్పన దగ్గరికి పోయాడు. అల్లుడు సాంచెల మీద నేసిన పాలిస్టర్ గుడ్డ ఇంట్లోనే ఉంది. వాన దిగకుండా దానికి మైనం కాచి రుద్దింది కల్పన.

"రెండు పన్నాలు కలిపి కుట్టాల్నా బాపూ?"

"ఒక్కటి సాలు. ఉత్తగ బరువు."

"మరి సారయ్య కాక?"

"రాడు."

కల్పన తండ్రి ముఖంలోకి చూసింది. ఆయన్ని నేల మీద పడుకోబెట్టి, మోకుకు తీసినట్టే, తల నుంచి కాళ్ల దాకా కొలత తీసి కుట్టింది.

బయల్దేరిన రోజు, దారి కాకపోయినా, సారయ్య ఇంటి ముందు నుంచే నడిచాడు. చంకలో ఇమిడే మూట చూసి సారయ్య కుళ్లుకోవాలి కదా! తలుపుకు తాళం. "తెలంగాణ వంటలకు పోయిండు," అంది పక్కింటి నాగవ్వ. ఆ ఏడు ఉద్యమం ఊపు మీదుంది. రోడ్డుకడ్డంగా పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే తిని బండ్లు ఆపేవారు. దానికి వంటావార్పు అని పేరు. వంటలు రోడ్డెక్కితే సారయ్య ఇంట్లో ఉంటాడా?

మూట తేలిక, నడక తేలిక. మనసు మాత్రం సీసంలా ఉంది. రాత్రి గుప్పెడు బియ్యం ఉడికించుకుని తిని పడుకున్నాడు. నడిచే దారిలో ఎవరూ కలవలేదు. కలిసినా పెట్టడానికి గిన్నెలో ఏముంది గనక?

చందుర్తి దగ్గర రోడ్డంతా జనం. డప్పులు, నినాదాలు, పొగ. నడుమ ఇత్తడి బగోన కనబడగానే హన్మండ్లు కాళ్లు ఆగిపోయాయి. దాని పక్కన గరిటె పట్టుకుని సారయ్య. హన్మండ్లు వరసలో నిలబడి తన వంతు రాగానే గిన్నె చాపాడు. ఒక్క గరిటె పప్పుకే అది పొంగి చేతి మీద కారింది.

"గిది గిన్నెనా, పోరగాండ్లు ఆడుకునే గురిగినా?" అన్నాడు సారయ్య.

ఏడాది తర్వాత మొదటి మాట! బదులు చెబుదామని హన్మండ్లు నోరు తెరిచేలోగా వెనకవాళ్లు తోశారు.

అంతలోనే వాన దంచింది. జనం బడి వరండాలోకి ఉరికారు. హన్మండ్లు రోడ్డు పక్క రెండు వేపచెట్ల మధ్య గుడ్డ కట్టేసి కింద దూరాడు. పొయ్యిలు ఆర్పి, బగోన కడిగి, అందరికన్నా వెనక సారయ్య మిగిలాడు. నేరుగా ఇటే వచ్చాడు. వంగి లోపలికి చూశాడు.

"జాగుందా?"

హన్మండ్లు గబగబా జరిగాడు. జరగడానికి ఎక్కడుంది? ఇటు జరిగితే భుజం, అటు జరిగితే మోకాళ్లు వానలోకి పోతున్నాయి. 'గుడ్డ పోతె పోనీ, ఇద్దరం తడుద్దాం రా' అనాలనుంది. బదులు మోకాళ్లు ఇంకా ముడుచుకున్నాడు. సారయ్య గుడ్డను ఆ కొస నుంచి ఈ కొస దాకా చూశాడు.

"నీ ఒక్కనికే కుట్టిచ్చుకున్నవ్," అన్నాడు మెల్లగా. "పైలంగ ఉండు." బగోన నెత్తిన బోర్లించుకుని, మోకాలు పట్టుకుని కుంటుకుంటూ వానలో నడిచిపోయాడు.

హన్మండ్లు మీద ఒక్క చుక్క పడలేదు. ఆ పొడి నేల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. వాన వెలిసి బడి దగ్గరికి పరుగెత్తేసరికి, వంటవాళ్లు ట్రాక్టరెక్కి ఇంకో ఊరి రోడ్డు మీదికి వెళ్లిపోయారు.

వేములవాడలో రాజన్నకు దండం పెట్టుకున్నాడు, ఏం అడగాలో తోచలేదు. అక్కణ్నుంచి ఇంటికి మళ్లకుండా సిరిసిల్లకు నడిచాడు. కల్పన వాకిట్లో మూట విప్పి గుడ్డ పరిచాడు.

"ఇంకో పన్నా కలుపు బిడ్డా."

"బరువైతది బాపూ."

"కానీ. మోస్త."

కల్పన సూదిలో దారం ఎక్కిస్తూ అడిగింది. "కాక అస్తనన్నడా?"

హన్మండ్లు గుడ్డ ముడతలను అరచేత్తో సాపు చేశాడు.

"నేను రమ్మంటె గద," అన్నాడు. "ముందుగాల నువ్వు కుట్టు."