మలుపుకు ఒరిగే మనిషి

మా ఆయనకు పాము కరిచిన నాడు తండాకు బస్సు రాలేదు. ఆటో దిగితే చక్రాలు మునిగే బురద. 108 బండిని అప్పటికి మా వైపు ఎవరూ చూడలేదు. ఉన్నదల్లా ఆయన మోటారు సైకిలే, దాన్ని ఆ దారిలో నడపగల మొనగాడేమో పత్తిచేనులో కూలబడ్డాడు. కరిచింది నాగుపామే. పడగ విప్పి మరీ చూసి పోయిందని పక్క చేనివాళ్లు చెప్పారు.

మా ఆయన రామ్‌చందర్ పాల్వంచ కరెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి పోయేవాడు. షిఫ్టు ఏదైనా అడవి దారిలో బండి మీదే రాకపోకలు. ఆ దారిలోని మలుపులకు తనే పేర్లు పెట్టుకున్నాడు. ఇప్పచెట్టు మలుపు, తూము దగ్గరున్న మోరీ మలుపు, కోతుల మలుపు. వెనక కూర్చున్న నేను ప్రతి మలుపులోనూ పడిపోతామని భయపడి అవతలి పక్కకు వాలేదాన్ని. "ఓ పంతులమ్మా, బండి ఒరిగితే నువ్వు గూడ ఒర్గాలె. ఎదురు ఒర్గితే ఎన్క టైరు రోడ్డును ఇడుస్తది" అని వెక్కిరించేవాడు. నేను అంగన్‌వాడీలో పిల్లలకు పాటలు నేర్పేదాన్ని కాబట్టి ఆయనకు పంతులమ్మను. నోరెక్కువని కూడా అనేవాడు. ఎక్కువే, ఏం చేద్దాం!

మరిది శ్రీను బండి తెచ్చి గుడిసె ముందు ఆపాడు. వానాకాలం మా తండాలో బండి వెనక టైరుకు కొబ్బరితాడు చుడతారు. చువ్వల సందుల్లోంచి దూర్చి టైరు చుట్టూ బిగిస్తే బురదలో జారకుండా పట్టు దొరుకుతుంది. శ్రీను గబగబా తాడు చుట్టాడు. ఆయన్ను వాడి వెనక కూర్చోబెట్టి, మా అత్త ద్వాలి తన తలమీది ముసుగు గుడ్డ తీసి అన్నదమ్ములిద్దరి నడుములకూ కలిపి కట్టింది. నేను చీర పైకి దోపి, మగవాడిలా కాళ్లు అటొకటి ఇటొకటి వేసి చివర్న కూర్చున్నాను. సిగ్గుపడే తీరిక ఎక్కడిది? ఆయన కనురెప్పలు అప్పటికే వాలిపోతున్నాయి.

బురద దాటేదాకా తాడు మమ్మల్ని కాపాడింది. తారు రోడ్డు ఎక్కగానే ఆయన తమ్ముడి భుజం మీద తట్టాడు.

"ఆపు. తాడు తియ్."

"అన్నా, టైం లేదు! గట్లనే పోదాం."

"తారు మీద తాడు జారుతది. మొదటి మలుపులనే పడ్తం. తియ్‌రా."

శ్రీను దిగలేడు, అన్నతో కలిపి కట్టేసి ఉన్నాడు. దిగాల్సింది నేనే. ముడి బురదకు బిగుసుకుపోయింది. గోళ్లు విరిగాయి గానీ అది కదలలేదు. చివరికి పళ్లతో పీకాను. తాడు ఊడాక చూస్తే టైరు నున్నగా, గీతలన్నీ అరిగి ఉంది. వాన సన్నగా పడుతోంది. ఈ టైరు మీద ముగ్గురమా అనుకున్నాను. నోటినిండా బురదతో, తిట్టడానికి కూడా మాట రాక ఎక్కి కూర్చున్నాను.

ఇప్పచెట్టు మలుపులో శ్రీను హడలిపోయి బ్రేకు తొక్కాడు. వెనక చక్రం పక్కకు జరిగింది. కాలు నేలకు ఆనించి ఎలాగో నిలబెట్టి, "పాడు బండి!" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

మా ఆయన మాట అప్పటికే ముద్దముద్దగా వస్తోంది. అయినా తమ్ముడి చెవి దగ్గర మొహం పెట్టి చెప్పాడు. "మలుపు రాకముందే తగ్గించుకో. గేరు దించు. మలుపుల పడ్డంక బ్రేకు ముట్టకు. రేస్ ఇడువకు, సన్నగ పట్టు. ఎన్క టైరుకు బరువు అందుతనే పట్టుకుంటది. నువ్వు పోయేదిక్కు చూడు, గుంత దిక్కు చూడకు."

"అవ్ అన్నా."

"మోరీ వస్తున్నది."

ఆయన కళ్లు మూతలు పడి ఉన్నాయి. ఎలా తెలిసిందో! చక్రం కింద రోడ్డు తేడా ఒంటికి తెలిసిందేమో. మోరీ మలుపులో శ్రీను చెప్పినట్టే చేశాడు. బండి ఒరిగింది, మేమూ ఒరిగాం, రోడ్డు మమ్మల్ని వదల్లేదు. నేను ఈసారి ఎదురు వాలలేదు. ఆ సంగతి ఆయనకు చెప్పాలనిపించి, "చూసినవా, నేను గూడ ఒరిగిన" అన్నాను. ఏదో అన్నాడు, అర్థం కాలేదు. ఆ తరువాత మాటే లేదు.

ఆయన వీపుకు చెంప ఆనించాను. "ఏమయ్యా, మాట్లాడు" అని అరిచాను. బతిమాలాను, తిట్టాను. ఉలుకూ పలుకూ లేదు. కానీ తరువాతి మలుపు రాగానే ఆయన ఒళ్లు దానంతట అదే మలుపు వైపు ఒరిగింది. ముందు శ్రీనుకు తెలిసింది.

"వదినా, అన్న ఒర్గుతుండు! ఉన్నడు!"

ఇక మాకు అదే ఆశ. ఎడమ మలుపుకు ఎడమకు, కుడి మలుపుకు కుడికి, కొంచెం కొంచెంగా ఒరిగేవాడు. తిన్నని రోడ్డు వచ్చిందంటే నాకు ప్రాణం పోయేది. ఉన్నాడో లేడో తెలిసేది మలుపులోనే కదా. మలుపంటే చచ్చేంత భయపడే నేను, దేవుడా ఇంకో మలుపు ఇవ్వమని మొక్కుకున్నాను.

కోతుల మలుపు వచ్చింది. అది అన్నిటికన్నా మెలితిరిగిన మలుపు. శ్రీను ముందే తగ్గించి, గేరు దించి, బండిని ఎడమకు ఒరిగించాడు. ఆయన ఒరగలేదు. తల కుడిపక్కకు వేలాడి, బరువంతా అటు పడి బండిని బయటికి లాగింది. రోడ్డు దాటి కంకర మీదికి పోయాం. పడలేదు, అంతే. అప్పుడు వినబడిన చప్పుడంతా కంకరదే.

శ్రీను చెయ్యి వెనక్కి పెట్టి అన్న మొహం తడిమాడు. వెనక్కి తిరిగి రెప్ప ఎత్తి చూశాడు. నేను ఛాతీ మీద చెయ్యి పెట్టాను. ఇంజను వణుకు, వాన, నా చేతి వణుకు. అందులో ఏది ఆయనదో తెలియలేదు.

"పోయిండు వదినా" అన్నాడు శ్రీను. ఏడవలేదు. బండిని మెల్లగా మళ్లించి తండా వైపు పెట్టాడు.

"ఏడికి?"

"ఇంటికి. దవాఖానాకు పీనుగును తీస్కపోతే కోస్తరు. రూప్‌సింగ్ బాబాయిని ఏం జేసిండ్రో చూడలేదా? మూట గట్టి ఇచ్చిండ్రు. మళ్ల పీనుగును ఎక్కించుకునే బండి గూడ దొరకదు. అవ్వ మొహం సూడనియ్. మంచిగ మట్టిల పెట్టుకుందాం."

వాడు చెప్పింది అబద్ధం కాదు. మా తండాల్లో అందరూ అదే చేస్తారు. దారిలో ప్రాణం పోయిందనుకుంటే అక్కణ్నుంచే వెనక్కి తిరుగుతారు. ఎవరైనా నాడి చూశారా, ఎవరికి తెలుసు నాడి చూడటం? ఒళ్లు కదలకపోతే పోయినట్టే. నాకూ ఆయన పోయాడేమోననే అనిపించింది. నిజం చెబుతున్నాను, నాకు నమ్మకం ఏమీ లేదు. ఉన్నది కోపం. ఇంత దూరం ఒరిగి ఒరిగి వచ్చిన మనిషిని, ఒక్క మలుపులో ఒరగలేదని ఇంటికి తీసుకుపోతారా?

ముందుకు వంగి తాళంచెవి లాగేశాను. బండి ఆగిపోయింది. శ్రీను చెంప మీద కొట్టాను కూడా.

"పీనుగైతే నేనే కోయించుకుంట! నా మొగుడు, నా ఇష్టం. తిప్పు!"

"వదినా, ముంగటి మలుపులు ఎట్ల? అన్న బరువు ఎదురు పడ్తున్నది. ముగ్గురం పోతం."

"ఆయన ఒర్గకపోతే నేను ఒరిగిస్త. నువ్వు రేస్ ఇడువకు."

తాళంచెవి ఇచ్చాను. ఆయన చంకల కింద నుంచి చేతులు పోనిచ్చి శ్రీను బెల్టు పట్టుకున్నాను. ఆయన తల నా భుజం మీద వేసుకుని చెంపతో అదిమాను. మలుపు వచ్చినప్పుడల్లా శ్రీను "ఎడమ!" అనో "కుడి!" అనో అరిచేవాడు. రెండు ఒళ్ల బరువును నేనొక్కదాన్నే నేల వైపు తోసేదాన్ని. తారు మోకాలికి అంత దగ్గరగా వస్తుందని నాకు తెలియదు. ఒకచోట వెనక టైరు మళ్లీ జారింది. "బ్రేకొద్దు!" అని ఇద్దరం ఒకేసారి అరిచాం. శ్రీను రేస్ అలాగే పట్టాడు. టైరు తూలి, రోడ్డును అందుకుంది. నా చేతుల్లో ఆయన చల్లగా, తడిసిన మూటలా ఉన్నాడు. ఏడుస్తూనే ఒరిగాను.

పాల్వంచ దవాఖానాలో డాక్టరు మెడ దగ్గర వేళ్లు పెట్టి, "గుండె కొట్టుకుంటోంది" అన్నాడు. విషానికి ఒళ్లంతా చచ్చుపడిందట, ఊపిరి అందటం లేదట. గొంతులో గొట్టం వేసి, చివర రబ్బరు తిత్తి తగిలించి, నర్సు ఇంజక్షన్లు ఎక్కించేలోగా దాన్ని నొక్కుతూ ఉండమని నా చేతికిచ్చాడు. నొక్కితే ఆయన ఛాతీ లేచేది, వదిలితే దిగేది. ఎంతసేపు నొక్కానో నాకు తెలియదు. చేతులు పట్టేస్తే శ్రీను తీసుకున్నాడు, వాడు అలసిపోతే మళ్లీ నేను.

తరువాత మెల్లగా తేరుకున్నాడు. ముందు రెప్పలు, తరువాత వేళ్లు. చివరికి గొట్టం తీశారు. అత్త వచ్చి మంచం పక్కన కూర్చుని ఉంది. శ్రీను ఆయన కాళ్ల దగ్గర నిలబడ్డాడు. మంచినీళ్లు చెంచాతో పోశాను. గుటక వేసి, ఎవరి వైపూ చూడకుండా పైకి చూస్తూ అన్నాడు.

"అన్నీ ఇనబడ్డయ్. ఇంటికి తిప్పినప్పుడు గూడ ఎర్కైంది. ఒరుగుదమనే చూసిన శ్రీనూ. ఒళ్లు రాలే."

శ్రీను మంచం ఇనుప పట్టీ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. ఆయన చెయ్యి తమ్ముడి తల దాకా పోవాలని చూసింది. ఇంకా అంత బలం రాలేదు. నేనే ఎత్తి వాడి తల మీద పెట్టాను.