జములమ్మ కొడుకు ఇంజనీరు కొలువు

తొలకరికి ముందు ఇటిక్యాలలో ఎవరు విత్తనం వేయాలన్నా మొదట జములమ్మను పిలుచుకొచ్చేవాళ్ళు. మన నడిగడ్డ నేలలు మీకు తెలియనివా నాయనా, మట్టి కంటే రాయే ఎక్కువ. ఆమె తెల్లవారి లేచి, మొహం కడుక్కుని, బీచుపల్లి ఆంజనేయస్వామి దిక్కు తిరిగి దండం పెట్టుకుని, చేనులో ఈ గట్టు నుంచి ఆ గట్టుకు నడిచేది. ఆమె నడిస్తే రాళ్ళు ఆమె వెనకాలే దొర్లుకుంటూ వచ్చేవి. కోడి వెంట పిల్లలు వచ్చినట్టు చిన్నవి గబగబా, పెద్దవి ఆయాసపడుతూ. చేను దాటాక ఆమె వెనక్కి తిరిగి "ఇగ ఈడ్నే ఉండుండ్రి" అంటే ఉండిపోయేవి. కూలి కింద ఇన్ని జొన్నలు కొంగులో పోయించుకుని ఇంకో చేనుకు పోయేది.

"జములక్కా, ఆ మూలకు జర ఇంకోపారి తిరగరాదూ? ఒక్క గుండు లేస్తలేదు" అనేది చేనుగల నర్సమ్మ.

"దానికి వయసైంది నర్సమ్మా. నువ్వు గట్ల కసురుకుంటే యాడికెళ్ళి లేస్తది? నిదానంగ వస్తది తీయ్."

గోడలో కట్టిన రాయి దొర్లి రాలేదు కాబట్టి, ఆమె కూర్చున్న దిక్కుకు ఒరిగేది. అందుకని చుట్టపుచూపుగా పోతే ఎవరైనా ఆమెకు నడింట్లో పీట వేసేవాళ్ళు. నాలుగు గోడలకూ సమానంగా ఉంటుంది కదా. బీచుపల్లిలో మాత్రం ఆమె గుడిలోకి అడుగుపెట్టేది కాదు. "సామిని కదిలించనీకి నేనెంతదాన్ని" అని దూరంగా కృష్ణ ఒడ్డున ఇసుకలోనే నిలబడి మొక్కేది. ఆ భక్తి అటువంటిది తల్లీ.

ఆమెకు ఒక్కడే కొడుకు, ఈరన్న. తండ్రి చిన్నప్పుడే పోయాడు. పిల్లవాడు సర్కారు ఇచ్చిన ఉపకార వేతనంతో పట్నంలో ఇంజనీరు చదువు పూర్తి చేసుకుని, కోటు తొడుక్కుని ఇంటికొచ్చాడు. యుద్ధం నడుస్తున్న రోజులవి. బొంబాయిలో ఒక కట్టడాల కంపెనీ వాళ్ళు ఎప్పుడొచ్చినా పని ఇస్తామన్నారు. ఈరన్న మాత్రం గద్వాలలో వాగుల మీద వంతెనలు కట్టించే కచేరికి దరఖాస్తు పెట్టుకున్నాడు. అక్కడున్నది ఒకే కొలువు. అది దొరికితే తల్లి పక్కనే ఉంటుంది. దొరకకపోతే బొంబాయి.

బొంబాయికి జములమ్మ పోలేదు. వెనక ఒకసారి గద్వాల స్టేషన్‌లో రైలెక్కితే, పట్టాల నడుమ పోసిన కంకరంతా ఆమె పెట్టె చుట్టూ వచ్చి చేరింది. గార్డు మర్యాదస్తుడు, చెయ్యి పట్టి దింపాడు. "మీరు దిగితే గాని బండి కదలదమ్మా" అన్నాడు. ఆమె దిగి నడుచుకుంటూ ఇంటికొచ్చింది.

ముఖాముఖికి రమ్మని కబురు వచ్చింది. ఈరన్న ముందురోజే బండి మాట్లాడుకున్నాడు.

"నేనూ వస్త కొడుకా."

"వద్దమ్మా. అది రాతి కచేరి. నువ్వొస్తే పరేషాన్ అయితది."

ఆ మాట నిజమే. కానీ దాని వెనక ఇంకో మాట దాక్కున్నదని ఇద్దరికీ తెలుసు. పట్నంలో చదివిన వాళ్ళ ముందు, మోకాలి దాకా దుమ్ముతో, కొంగులో జొన్నలతో ఉండే తల్లి.

జములమ్మ సరేనంది. తీరా బండి కనుమరుగయ్యాక చూస్తే, బీచుపల్లి స్వామి సిందూరం పొట్లం గూట్లోనే ఉంది. ఆ ఇంట్లో మనిషి పనికి పోయేటప్పుడు నుదుట ఆ సిందూరం లేకుండా గడప దాటింది లేదు. ఆమెకు కాలు నిలవలేదు. పొట్లం కొంగున ముడేసుకుని నడక మొదలుపెట్టింది. వెంట వచ్చిన రాళ్ళను గద్వాల పొలిమేరలో ఆపి, పద్ధతి తెలిసిన మనిషి గనక, ఒక్కతే ఊళ్ళోకి పోయింది.

కచేరి అరుగు మీద ముగ్గురు పిల్లలు కోట్లు తొడుక్కుని నిలబడ్డారు. అందులో మనవాడొకడు. చప్రాసి ఇస్రాయేలు పెద్దాయన, మాటకారి.

"ఏం సార్లూ, గింత బిగుసుకున్నరు? లోపట హబీబుల్లా సాబ్ ఉన్నడు, పులి లేదు" అని నవ్విస్తున్నాడు. అంతలో జములమ్మ అరుగు కిందికి వచ్చి నిలబడింది. చెమట, దుమ్ము, చేతిలో పొట్లం. కొడుకును చూసి మొహమంతా వెలిగింది.

"ఎవలమ్మా? ఎవరి కోసం?" అని ఇస్రాయేలు అడిగాడు. అడుగుతూ ఈరన్న వైపు చూశాడు.

మిగతా ఇద్దరూ చూశారు.

"మా ఊరామె. ఏందో పనికొచ్చినట్టుంది" అన్నాడు ఈరన్న.

జములమ్మ పొట్లం మళ్ళీ కొంగులో పెట్టుకుని, కచేరి పక్కకు పోయి, లోపలి మాట వినబడే ఆశలో గోడ సంగతే మరిచి, పడమటి గోడ నీడలో కూర్చుంది.

ముందు ఇద్దరినీ పిలిచి పంపేశారు. చివరికి ఈరన్న లోపలికి పోయాడు. హబీబుల్లా సాబ్ ఆ కచేరికి పెద్ద ఇంజనీరు, తెల్లగడ్డం మనిషి. సున్నం ఎంత, ఇసుక ఎంత, వాగు పొంగితే నీటి ఉరవడి ఎట్లా లెక్కగడతావు అని అడిగాడు. ఈరన్న తడబడకుండా చెప్పాడు. చెబుతుండగానే బల్ల మీది రాతి సిరాబుడ్డి మెల్లగా పడమటికి జరిగింది. సాబ్ దాన్ని వెనక్కి పెట్టుకున్నాడు. అది మళ్ళీ జరిగింది.

సాబ్ లేచి, దారానికి కట్టిన సీసం గుండు తీసి పడమటి గోడ పక్కన వేలాడదీశాడు. దారం నిట్టనిలువుగా ఉంది. గోడ లేదు. పైన జానెడు బయటికి పోయింది.

"చూస్తున్నవా భాయ్? జరసేపటి నుంచి గిట్లనే. మొదటాయన కట్టెలు ఆనిస్త అన్నడు. రెండో ఆయన కూలగొట్టి కొత్తగ కడత అన్నడు. నువ్వేమంటవ్?"

ఈరన్నకు చదువుకున్న జవాబు నోటి చివరనే ఉంది. గోడకు బయటి నుంచి రాతి ఆనుడు కడితే చాలు. అది చెబితే కొలువు వచ్చేటట్టే ఉంది. నోరు తెరిచాడు. అప్పుడే గోడకు అవతల ఇస్రాయేలు మాట వినిపించింది.

"గింత దూరం నడిచొచ్చినవ్, ఈ నీళ్ళు తాగు. నీకెవరు లేరా అమ్మా?"

"ఎవలున్నరు నాయనా" అంటోంది జములమ్మ. "నేను ఊరామెను. మా ఊరి పిల్లగాడు లోపటికి పోయిండు, మంచిగ చెప్పిండో లేదో విని పోదామని కూసున్న."

చూశారా తల్లులారా! కొడుకు ఆడిన అబద్ధాన్ని కింద పడనీయకుండా ఆమె పట్టుకుంది.

ఈరన్న కుర్చీలోంచి లేచాడు. సాబ్‌ను అడగను కూడా అడగకుండా బయటికి పోయాడు. తల్లి రెక్క పట్టుకుని లేపాడు.

"అయ్యో, వద్దు కొడుకా, నీ కోటుకు దుమ్మంటుకుంటది..."

"నడువమ్మా."

లోపలికి తెచ్చి నిలబెట్టాడు.

"సాబ్, ఈమె మా అమ్మ. బయట అబద్ధం చెప్పిన. గోడకు ఏ రోగం లేదు. రాళ్ళు ఈమె దిక్కు పోతయి. కట్టెలు వద్దు, కూలగొట్టుడు వద్దు. ఈమెను నడుమ కూసోబెట్టాలె."

హబీబుల్లా సాబ్ తన కుర్చీని తనే ఈడ్చుకొచ్చి గది నడుమ వేశాడు. "కూసోండమ్మా" అన్నాడు. జములమ్మ కుర్చీ అంచున ఒదిగి కూర్చుంది. పాల పొంగు దిగినట్టు గోడ మెల్లగా లోపలికి వచ్చి, దారం పక్కన సరిగ్గా నిలబడింది. ఆమె పొట్లం విప్పి కొడుకు నుదుట సిందూరం దిద్దింది. దిద్దే దాకా సాబ్ ఆగాడు.

"అబద్ధానికి నాకు కోపమున్నది, ఈరన్నా" అన్నాడు తర్వాత. "వంతెన మీద పిల్లజెల్ల నడుస్తరు. ఎక్కడ తప్పు చేసినవో దాచిపెట్టే ఇంజనీరు నాకు వద్దు. నువ్వు దాచినవ్, మళ్ళ నువ్వే బయటపెట్టినవ్. కొలువు నీదే. మగర్, ఈ కచేరిలో కుర్చీ ఇయ్యను. అమ్మ నిన్ను చూడ వచ్చినప్పుడల్ల నేను గోడ సర్దుకోలేను."

ఈరన్న తల వంచుకున్నాడు. బంగ్లా, కుర్చీ, పంఖా, పట్నం వాళ్ళ పలకరింపులు అన్నీ ఆ ఒక్క మాటతో పోయినట్టే.

"వాగు కాడ పని మొదలైతది. ఆడ వంతెనకు జర దూరంగ డేరా ఏపిస్త. గుడ్డ గోడలు యాడికీ ఒరగవు. తల్లీకొడుకులు ఇద్దరు ఉండుండ్రి." సాబ్ తలుపు వైపు తిరిగి కేకేశాడు. "ఇస్రాయేలూ! పెద్ద డేరా తియ్యి!"

జములమ్మకు కొలువు సంగతి సగం అర్థమైంది, ఉండేది ఎక్కడో మాత్రం పూర్తిగా అర్థమైంది. కొంగు నెత్తి మీదికి లాక్కుంది.

"గట్లనే సాబ్. మరి డేరాల పొయ్యి యాడ పెట్టుకోవాలె?"

సాబ్ ఈరన్న వైపు చూశాడు. "అడుగుతున్నది నిన్ను, ఇంజనీర్ సాబ్."

"గాలి ఎటుకెళ్ళి వస్తదో చూసి కడత అమ్మా" అన్నాడు ఈరన్న.

స్వామి దయవల్ల ఆ వాగు మీద వంతెన తర్వాత లేచింది. కానీ కొలువులో చేరిన ఈరన్న కోటు విప్పి పక్కన పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, చేతులకు బురద అంటించుకుని మొట్టమొదట కట్టింది అమ్మ పొయ్యే. ఆ పూట దాని మీద సజ్జరొట్టెలు కాలాయి. పొగ ఒక్క పోగు కూడా డేరాలోకి రాలేదు.