చీల జరిపిన ఉదయం

ఆకులు రాలే కాలం వస్తే నా గుండెల్లో రాయి పడుతుంది. ఆకులు దారిని కప్పేస్తాయి. కింద గుంట ఉందో, రాయి ఉందో తెలియదు. మా ఆయన పోయిన దగ్గర్నుంచి, వాగు ఒడ్డున నరికిన దుంగలను మెరక మీది కోత మిల్లుకు మా అమ్మాయే తోలుతోంది. బండి కట్టిన ప్రతిసారీ, తనను నలుగురు మోసుకొస్తున్నట్టు నాకు ముందే కనిపిస్తుంది. "నీ భయాలకి వేరే బండి కట్టాలమ్మా, దీన్లో చోటు చాలదు" అని నవ్వేస్తుంది అమ్మాయి.

మాకు రెండు ఎడ్లు. ముసలిదాన్ని తాతయ్య అంటాం. రెండోది ఈ ఏడే కాడి కిందికొచ్చిన కోడె. కోడెను జత కట్టినప్పుడు, బండి ముందుకు చాచి ఉండే నొగ కర్రను కాడికి బిగించే చీలను నడిమధ్య బెజ్జంలో కాక ముసలి ఎద్దు వైపు బెజ్జంలో కొట్టాలి. అప్పుడు బరువు ఎక్కువ పాలు దాని మీద పడుతుంది. కోడె పక్కన నడుస్తూ నేర్చుకుంటుంది. కొత్త కోడె వచ్చినప్పుడల్లా మా ఆయన అలాగే కట్టేవాడు, అమ్మాయీ అలాగే కడుతుంది.

ఆ ఉదయం తాతయ్య మెడ మీద కాయ కాసిన చోటు చూసి నా ప్రాణం ఉసూరుమంది. ఈ చలిలో ఇది కూలబడితే నా బిడ్డ గతేమిటి? అమ్మాయి టీ తాగుతుండగా చీల ఊడబెరికి నడిమి బెజ్జంలో కొట్టేశాను. చెరిసగం మోస్తే న్యాయమే కదా అనుకున్నాను. బిడ్డను నీకే అప్పగించాను ప్రభువా అని ప్రార్థన చేసి, నేనూ బండి వెంట నడిచాను.

తడి ఆకుల మీద మెరక ఎక్కుతుంటే కోడె మోకాళ్ల మీద పడింది. బండి వెనక్కి జారింది. చక్రానికి రాయి అడ్డం పెట్టాలని అమ్మాయి వెనక్కి ఉరికి వంగింది. తాతయ్య నాలుగు కాళ్లూ పాతినట్టు నిలబడింది. మెడ వణికింది గానీ కాలు కదల్లేదు. రాయి కుదిరింది.

అమ్మాయి రెండో చక్రానికీ రాయి పెట్టి, నొగ కింద కర్ర ఆనించి, కాడి వైపు చూసింది. ఎవరు మార్చారని అడగలేదు. నా ముఖమే చెప్పేసింది. తాతయ్యను చూసి జాలేసిందన్నాను.

"జాలి కాదమ్మా. నువ్వు దాన్ని నమ్మలేదు" అంది మెల్లగా. "మోస్తుందనే కదా నాన్న అలా కట్టేవాడు."

నేను ఆకుల్లోనే కూలబడ్డాను. బిడ్డను అప్పగించానని చెప్పిందీ ఈ నోరే, చీల జరిపిందీ ఈ చేతులే. ఇన్నేళ్లూ ప్రభువు పక్కన కాడి కింద నడుస్తూ, సగం బరువు నేనే మోయాలని మొండికేశాను. పడ్డప్పుడల్లా పడ్డానని ఏడ్చాను గానీ, బండి ఎందుకు జారిపోలేదో ఒక్కసారీ అడగలేదు.

అమ్మాయి సుత్తి నా చేతిలో పెట్టింది. "నువ్వే కొట్టు."

మూడు దెబ్బలు పట్టింది. చీల తాతయ్య వైపు దిగింది. కోడె లేచింది.

భయం పోయిందని అబద్ధం చెప్పను. ఆకులు ఇంకా రాలుతూనే ఉన్నాయి. కానీ ఈసారి నేను చక్రాన్ని చూడలేదు. తాతయ్య మెడనే చూస్తూ పైదాకా నడిచాను.